పడమటి కిటికీకి టేకు బద్ద: కర్టెన్ల పని డైరీ

పని ఏమిటంటే, రాజమండ్రిలో తాతగారు కట్టించిన ఇంట్లో పడమటి గది కిటికీకి బరువైన కర్టెన్లు కట్టాలి. వేసవిలో మధ్యాహ్నం దాటితే ఎండ తిన్నగా నాన్న మంచం మీదికే వస్తుంది. గోడ ఇటుకతో, గానుగ సున్నంతో కట్టినది. సిమెంటు ఎక్కడా లేదు. ఇదివరకు గోడకి బిగించిన రాడ్డు బ్రాకెట్లు రెండూ ప్లాస్టరింగు పెచ్చులతో సహా ఊడి వచ్చేశాయి. అందుకని ఈసారి ముందు గోడకి అడ్డంగా ఒక టేకు బద్ద బిగించి, బ్రాకెట్లని ఆ బద్దకి బిగించాలని అనుకున్నాం. ఇలాంటి గోడలున్న ఇళ్లు గోదావరి జిల్లాల్లో ఇంకా చాలా ఉన్నాయి. అందరూ చేసేది ఊడినచోట సిమెంటు కూరి, మళ్లీ అక్కడే బెజ్జం వెయ్యడం. ఆ గోడలకి అది మంచిది కాదు. అందుకే చేసిన పని చేసినట్టు రాసిపెడుతున్నాను.

శనివారం: గోడ పరీక్ష

కిటికీ వెడల్పు 4 అడుగులు. పైన లింటెల్ లేదు, ఇటుకల కమాను ఉంది. కాంక్రీటు ఇళ్లలో కిటికీ మీద లింటెల్ ఉంటుంది కాబట్టి, హేమర్ డ్రిల్లుతో బెజ్జం వేసి ప్లగ్గు దిగేస్తే ఇక కదలదు. ఇక్కడ ఆ వసతి లేదు. కమాను ఇటుకలు ఒకదాన్నొకటి ఒత్తుకుని పైబరువు మోస్తాయి. వాటిని అదరగొట్టే పని ఏదీ పెట్టుకోకూడదు. అంటే కిటికీ నడినెత్తిన, మధ్య బ్రాకెట్టు ఉండాల్సిన చోటే, గోడని ముట్టుకోవడానికి లేదు.

వేలి కణుపులతో గోడంతా కొట్టి చూశాను. గట్టిగా ఉన్నచోట టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది, వేలికి తగులుతుంది. ప్లాస్టరింగు ఇటుకని వదిలేసినచోట డొల్లగా మోగుతుంది. డొల్ల మోగిన చోటల్లా పెన్సిలుతో చుట్టూ గీసుకుంటూ పోయాను. కిటికీ పైమూలలు రెండింటిలో జానెడేసి మేర డొల్ల తేలింది. పాత బ్రాకెట్లు ఉన్నది సరిగ్గా అక్కడే. వాటి మరలు అంగుళంపావు పొడవు, ప్లాస్టరింగు మందం దాదాపు అంగుళం. మర కొన ఇటుకని అలా తాకి ఆగిపోయిందన్నమాట.

ఆ బ్రాకెట్లు ఎందుకు నిలవలేదో లెక్క వేసి చూశాను. కర్టెన్ల గుడ్డ, లైనింగు, రాడ్డు కలిపి సూట్‌కేసులు తూచే చేతి కాటాతో తూస్తే 5 కిలోలు వచ్చింది. ఒక్కో బ్రాకెట్టు మీద రెండున్నర. రాడ్డు గోడకి 4 అంగుళాలు ముందుకి ఉంటుంది. బ్రాకెట్టు పైమర దాని అడుగంచుకి 2 అంగుళాలే ఎత్తులో ఉంది. అడుగంచు గోడకి ఆని ఇరుసులా పనిచేస్తే, పైమరని బయటికి లాగే బలం బరువుకి రెట్టింపు అవుతుంది, అంటే 5 కిలోలు. ఊరికే వేలాడుతున్నప్పుడు ఇది. కర్టెన్ని విసురుగా లాగినప్పుడల్లా ఇంకా ఎక్కువ. డొల్లబారిన సున్నంలో ఉన్న మర అన్నాళ్లు ఆగడమే గొప్ప.

బద్ద వేస్తే ఈ ఇబ్బంది తప్పుతుంది. గోడ ఎక్కడ గట్టిగా ఉందో అక్కడ బద్దని గోడకి బిగించవచ్చు. కర్టెన్‌కి ఎక్కడ కావాలో అక్కడ బ్రాకెట్టుని బద్దకి బిగించవచ్చు. ఒక చోటు కోసం ఇంకోచోటు రాజీపడక్కర్లేదు. పాత బెజ్జాలు కూడా దాని వెనక్కి పోతాయి.

కొలతలు ఖాయం చేశాను. బద్ద పొడవు 7 అడుగులు, అంటే కిటికీకి అటూ ఇటూ 18 అంగుళాలేసి. వెడల్పు 4 అంగుళాలు, మందం అంగుళంపావు. అంత పొడవు ఎందుకంటే రెండు కారణాలున్నాయి. కిటికీ అంచుకి, కమాను కాళ్లకి దూరంగా నిండు గోడలో బెజ్జాలు పడతాయి. కర్టెన్లు పక్కకి తోస్తే పూర్తిగా గోడ మీదికి వెళ్లి, సాయంత్రం గాలికి కిటికీ మొత్తం వదిలేస్తాయి. రాజమండ్రిలో ఉంటూ సాయంత్రపు గాలిని సగం ఆపేసే కర్టెన్ ఎవరికి కావాలి!

వెలుగు తగ్గేలోపు వైర్ల సంగతి కూడా చూశాను. ఈ ఇంట్లో ఒకప్పుడు వైర్లన్నీ టేకు బద్దల మీద క్లిప్పులతో పరుగెత్తేవి, ఏది ఎటు పోతుందో కంటికి కనబడేది. తర్వాత గోడలో పైపులు పెట్టి మార్చారు. స్విచ్‌బోర్డు కిటికీకి కుడివైపున ఉంది. మామూలుగా పైపు బోర్డు నుంచి నిలువుగా పైకి పోతుంది. ఆ నిలువుగీతకి అటూ ఇటూ జానెడేసి వదిలేసి, అక్కడ బెజ్జం వద్దని గోడ మీదే పెద్దగా రాశాను. బద్ద కుడికొస ఆ గీతదాకా పోదు. అయినా డ్రిల్లు వేసేటప్పుడు మెయిన్ ఆపే ఉంచాలి, డ్రిల్లుకి కరెంటు పక్క భాగం నుంచి తెచ్చుకోవాలి.

ఆదివారం: కర్ర

అడితికి వెళ్లే ముందు, పాత తలుపులూ గుమ్మాలూ అమ్మేచోట చూశాం. ఎవరిదో ఇల్లు పడగొట్టగా వచ్చిన టేకు ద్వారబంధం దొరికింది. పాత కర్ర ఎందుకంటే, అది వంగవలసినంత వంగి, ఎండవలసినంత ఎండి ఉంటుంది. పచ్చి మీద కోసిన బద్ద గోడ మీద ఎండుతూ మెలి తిరిగితే మరల్ని కూడా లాగుతుంది.

వడ్రంగి ఆచారిగారు దాన్ని రంపం మీద పెట్టే ముందు కొస దగ్గర ఉలితో కొంచెం చెక్కి చూపించారు. లోపల తేనెరంగు, అంచున వేలెడు మందాన తెలుపు. "ఈ తెల్లది తీసేద్దామమ్మా, చెద ముందు దీన్నే పట్టుకుంటుంది" అన్నారు. టేకుకి చెద పట్టదని అందరం అంటాం గాని, ఆ గుణం చేవకే ఉంది. చేవ లేని తెల్లకర్రని పురుగూ వదలదు, చెదా వదలదు.

ఏడడుగుల పొడవు తీసి, అంచు మీద ఒక కన్ను పెట్టి చూస్తే తిన్నగా ఉంది. చిత్రిక పడుతుంటే పాత టేకు వాసన ఇల్లంతా నిండింది. నాన్న మంచం మీంచి లేచి వచ్చి, కుర్చీ వేసుకుని, పని అయ్యేదాకా అక్కడే కూర్చున్నారు.

సోమవారం

బద్దకి నాలుగు వైపులా చెదలమందు, ఆరాక అవిశెనూనె. వెనకవైపు మరిచిపోకూడదు. సున్నపు గోడ వానాకాలంలో చెమ్మ పీల్చుకుంటుంది, బద్ద ఒకవైపే పూత ఉండి రెండోవైపు పచ్చిగా ఉంటే ఆ చెమ్మకి ఒంకర తిరుగుతుంది. చేతులకి తొడుగులు వేసుకుని, మందు పని పెరట్లోనే చేశాను.

ఊడినచోట్ల డొల్ల ప్లాస్టరింగుని రాలేంతవరకూ రాల్చి, గోడ తడిపి, సున్నంతోనే పూడ్చాం. ఒక పాలు మగ్గిన సున్నం, మూడు పాళ్లు జల్లించిన ఇసుక. ఒకేసారి నింపకుండా పొర మీద పొర. సిమెంటైతే ఒక్కరోజులో గట్టిపడి పని తొందరగా అయిపోయేది. కాని చుట్టూ ఉన్న సున్నం కన్నా సిమెంటు బిరుసు, చెమ్మని బయటికి పోనివ్వదు. కొన్నాళ్లకి ఆ అతుకు అంచు వెంట చీలిక వస్తుంది. తాపీమేస్త్రి కూడా అదే చెప్పాడు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చుకుంటూ వారాల తరబడి గట్టిపడుతుంది. అన్నాళ్లూ ఈ అతుకుల మీద ఏ బరువూ పెట్టక్కర్లేదు, బద్ద వాటిని దాటిపోతుంది.

బుధవారం: మట్టం, గోడ వంపు

రసమట్టం చిన్నది, ఏడడుగులకి దాన్ని నమ్ముకోవడం కంటే నీళ్ల పైపు మేలు. సన్నని తెల్ల ప్లాస్టిక్ పైపులో బుడగలు లేకుండా నీళ్లు నింపి, రెండు కొసల్నీ గోడకి ఆనించి, నీటిమట్టం నిలిచినచోట గుర్తులు పెట్టాం. ఆ గుర్తుల్ని బట్టి కొలిస్తే కిటికీ చట్రం పైచెక్క ఎడమ నుంచి కుడికి 10 మి.మీ. దిగి ఉంది.

బద్దని చట్రంతో సమంగా పెట్టాలా, నీటిమట్టానికి పెట్టాలా అన్నది ఆలోచించాల్సిన విషయమే. చట్రంతో పెడితే పైన కంటికి బాగుంటుంది గాని, రాడ్డు వాలుగా ఉంటే రింగులు పల్లానికి జారతాయి, కింద అంచు నేల దగ్గర ఒకవైపు ఎత్తుగా తేలుతుంది. నేల సమంగా ఉంది, అదీ చూశాను. కాబట్టి నీటిమట్టానికే పెట్టి, చట్రానికి 7 అంగుళాలు పైకి జరిపాను. మధ్యలో అంత ఖాళీ గోడ ఉంటే రెండు గీతల తేడా కంటికి ఆనదు.

అసలు పని తర్వాత మొదలైంది. బద్దని రెండు నిలువుకర్రల మీద నిలబెట్టి గోడకి ఆనిస్తే, మధ్యకి కాస్త ఎడమగా గోడ ఉబ్బు తగిలి, కొసలు గోడకి 9 మి.మీ. ఎడంగా తేలాయి. కొసల్లో మరలు వేసి బలవంతంగా లాగి బిగిస్తే బద్ద విల్లులా వంగుతుంది, ఉబ్బు దగ్గర ప్లాస్టరింగు నలిగి చిట్లుతుంది, మరలు ఎప్పుడూ లాగుడు మీదే ఉంటాయి. చాలామంది కొసల దగ్గర చెక్కముక్కలు దూర్చి సరిపెడతారు. అదీ తప్పేం కాదు. కాని ఆచారిగారికి ఆ మాటే నచ్చలేదు. "గోడ ఎలా ఉంటే కర్ర అలా ఉండాలమ్మా" అని కంపాసు తీశారు.

ఈ పని దగ్గరుండి చూడాల్సిందే. కంపాసు కాళ్లని 9 మి.మీ. తెరిచి బిగించారు. ముల్లు గోడని తాకుతూ, పెన్సిలు బద్ద పైఅంచు మీద నడుస్తూ, ఒక కొస నుంచి రెండో కొసదాకా ఎక్కడా ఆగకుండా లాగారు. గోడలోని ప్రతి ఎత్తూ పల్లమూ కర్ర మీద గీతగా వచ్చేసింది. అడుగంచు మీద కూడా అలాగే ఇంకో గీత. రెండు గీతలూ ఒకలా లేవు. ఉబ్బు పైన తక్కువ, కింద ఎక్కువ. ఆ తర్వాత బద్దని బోర్లా వేసి, గీతల దాకా ముందు ఉలితో, తర్వాత చిన్న చిత్రికతో తీసుకుంటూ పోయారు. ప్రతిసారీ ఎత్తి గోడకి ఆనించడం, వెనక దీపం పెట్టి వెలుగు ఎక్కడ కారుతోందో చూడడం, అక్కడ మళ్లీ కొంచెం తియ్యడం. చివరికి గోడకీ బద్దకీ మధ్య పోస్టుకార్డు దూరలేదు. ఉబ్బు దగ్గర బద్ద మందం 23 మి.మీ.కి దిగింది. నాలుగంగుళాల వెడల్పు నిలువుగా ఉండగా ఆ బరువుకి అది ధారాళంగా చాలు.

శుక్రవారం: బెజ్జాలు

మరలు బద్ద మధ్యగీత మీద వేస్తే అందంగా ఉంటుంది. నేను పైఅంచుకి అంగుళం దిగువన వేశాను, అంటే అడుగంచుకి 3 అంగుళాల ఎత్తున. బరువు లాగినప్పుడు బద్ద తిరగబోయేది అడుగంచు మీదే. మర దానికి ఎంత దూరంగా ఉంటే అంత తక్కువ లాగుడు పడుతుంది. రాడ్డు ఇప్పుడు గోడకి ఐదుంబావు అంగుళాల దూరం. 5 కిలోలని ఐదుంబావుతో గుణించి 3తో భాగిస్తే 9 కిలోల లోపు, బద్ద సొంత బరువు కలుపుకున్నా 10 దాటదు. నాలుగు మరలకి పంచితే ఒక్కోదానికి రెండున్నర కిలోలు. అదే మధ్యగీత మీదైతే ఒకటిన్నర రెట్లు అయ్యేది.

మరల చోట్లు: ఒక్కో కొస నుంచి 3 అంగుళాల దగ్గర ఒకటి, 11 అంగుళాల దగ్గర ఒకటి. మధ్యలో ఒక్కటీ లేదు, అది కమాను చోటు.

బద్దకి ముందు బెజ్జం వేసేస్తే, గోడలో అక్కడ ఇటుక ఉందో, ఇటుకల మధ్య సున్నం నింపిన సందు, అంటే దరజు ఉందో తెలియదు. కాబట్టి ముందు గోడనే అడిగాను. 5 మి.మీ. బిట్టుతో, హేమర్ ఆపేసి, ఉత్త తిరుగుడు మీదే నెమ్మదిగా. పాత ఇటుక మెత్తన, హేమర్ వేస్తే బెజ్జం గుండ్రంగా రాదు, లోపల పగిలి బావిలా వెడల్పవుతుంది. బెజ్జం కింద పాత క్యాలెండరు కాగితం మడిచి టేపుతో అంటించాను. దుమ్ము గదిలోకి రాదు, దాని రంగూ కనబడుతుంది. ముందు తెల్లపొడి. అంగుళం దిగాక ఎర్రపొడి రాలితే ఇటుక తగిలినట్టు. ఎడమ రెండూ, కుడి కొసదీ ఎర్రగా వచ్చాయి. నాలుగోది రెండంగుళాలు దిగినా తెల్లగానే రాలుతోంది, బిట్టు కూడా వెన్నలోకి పోయినట్టు పోతోంది. అది దరజు. అంగుళంపావు పక్కకి జరిపితే ఎర్రపొడి వచ్చింది. వదిలేసిన బెజ్జం ఎలాగూ బద్ద వెనకే ఉంటుంది.

నాలుగు చోట్లూ ఒక పేపరు పట్టీ మీదికి ఎత్తి, ఆ పట్టీ బద్ద మీద పరిచి, కర్రకి బెజ్జాలు వేశాం. తర్వాత బద్దని చోట్లో నిలబెట్టి, ఆ బెజ్జాల్లోంచే గోడలోకి 8 మి.మీ. బిట్టు. ప్లగ్గులు 120 మి.మీ. పొడవువి, తలుపు చట్రాలకి వాడే రకం, మరతో సహా వస్తాయి. అందులో కర్రకి 32, ప్లాస్టరింగుకి 25 పోతే ఇటుకలో 60 మి.మీ. పైనే దిగుతుంది. ఈ గోడలకి పొట్టి ప్లగ్గు దండగ, ప్లాస్టరింగు దాటి ఎంత దిగిందన్నదే లెక్క. బెజ్జాల్లో దుమ్ము సైకిలు పంపుతో ఊదేశాను. పొడి మిగిలితే ప్లగ్గు జారుతుంది. కళ్లద్దాలు లేకుండా ఊదకండి, సున్నం కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు.

మరలు చేత్తోనే బిగించాను, మిషనుతో కాదు. నాలుగింటినీ కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటి. చేతికి గట్టిదనం తెలిసినచోట ఆపేయాలి. ఇంకో అరతిప్పు కోసం ఆశపడితే మెత్తని ఇటుకలో పట్టు నలిగిపోతుంది.

శనివారం: బకెట్ల పరీక్ష

బద్ద మీదికి బ్రాకెట్లు మూడు: రెండు చివరా, ఒకటి మధ్యలో. అంత పొడుగు రాడ్డు మధ్యలో ఆసరా లేకపోతే కొన్నాళ్లకి సాగుతుంది. వీటికి ఇత్తడి మరలు, ముప్పావు అంగుళానివి. ఇనుప మరకి చెమ్మ తగిలితే టేకు మీద నల్లమరక పడుతుంది. ఇత్తడి మెత్తన, గట్టికర్రలో విరుగుతుంది కాబట్టి ముందు సన్నబెజ్జం, తర్వాత అదే కొలత ఇనుప మర ఒకసారి ఎక్కించి దింపడం, ఆ తర్వాత సబ్బు రాసిన ఇత్తడి మర. ఒక్కటీ విరగలేదు.

రాడ్డు ఎక్కించి రెండు బకెట్ల నీళ్లు వేలాడదీశాం, ఒక్కోటి 15 లీటర్లు. అంటే బకెట్లు కాక 30 కిలోలు, కర్టెన్ల బరువుకి ఆరు రెట్లు. నాన్నకి నమ్మకం కుదరక, పైన బద్దకీ గోడకీ మధ్య కాగితపు ముక్క పెట్టి లాగి చూశారు. దూరలేదు. రాత్రంతా అలాగే ఉంచాం. పొద్దున్న చూస్తే పెన్సిలుతో గోడ మీద గీసిన గీతకీ బద్ద పైఅంచుకీ మధ్య తేడా లేదు.

కర్టెన్లు

గుడ్డ నూలుది, ముదురు ఆకుపచ్చ. కుట్టడానికి ఇచ్చే ముందే తడిపి ఆరేశాం. నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుంటుంది, కుట్టాక కుంచించుకుంటే నేలకి జానెడు ఎత్తున వేలాడుతుంది. రాడ్డు పొడవుకి రెట్టింపు వెడల్పు తీసుకున్నాం, మడతలు నిండుగా పడాలంటే అంత కావాలి. కింద అర అంగుళం వదిలాం, ఎర్రగచ్చు నేల రోజూ తడిగుడ్డ పెడతారు కాబట్టి.

ఎండ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. లోపల కట్టిన కర్టెన్ వెలుతురుని ఆపినంతగా వేడిని ఆపదు, ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది కదా. బయట వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లడం దీనికన్నా ఎంతో మేలు. ఈ కిటికీ మేడ మీద రోడ్డు వైపు ఉంది, బయట కట్టే వీలు లేదు. అయినా ఎండ నాన్న ముఖం మీద పడడం ఆగింది. మధ్యాహ్నం నాలుగింటిదాకా నిద్రపోతున్నారు.

ఆగస్టు: వానల మధ్య తనిఖీ

గోదావరికి వరద వచ్చి తగ్గింది. ఇంట్లో తలుపులన్నీ ఉబ్బి బిగుసుకున్నాయి. బద్ద మరల్లో మూడు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, దరజు పక్కన వేసినది పావు తిప్పు పట్టింది. వెనక తెల్లకర్ర లేదు, చెద జాడ లేదు. సున్నపు అతుకు బద్ద కిందుగా కొంచెం కనబడుతుంది, గోరుతో గీకితే ఇప్పుడు పొడి రాలడం లేదు. గోడకి వెల్ల వేసినప్పుడు కలిసిపోతుంది.

ఉత్తరపు గది కిటికీ కొలిచాం. అక్కడ కమాను లేదు, పైన టేకు దూలం ఉంది, గోడ కూడా తిన్నగా ఉంది. బద్ద 5 అడుగుల 10 అంగుళాలు చాలు. అదే ద్వారబంధంలో మిగిలిన ముక్క సరిపోతుంది. చిత్రిక పనికి ఆచారిగారు దసరా వెళ్లాక వస్తానన్నారు.